ఒకనికొరకు ఒకడు కనిపెట్టుకొని

బల్లారాధన, అంటే యేసు ఆఖరి భోజనాన్ని తలచుకుని సంఘంగా రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధన, జరిగే ఆదివారం చదివే లేఖనభాగం మనలో చాలామందికి చూడకుండానే వచ్చు. మొదటి కొరింథీయులకు పత్రిక పదకొండో అధ్యాయం, 23వ వచనం నుంచి. "ప్రభువైన యేసు తాను అప్పగింపబడిన రాత్రి ఒక రొట్టెను ఎత్తికొని" అని మొదలవగానే మందిరం నిశ్శబ్దమైపోతుంది. "ప్రతి మనుష్యుడు తన్ను తాను పరీక్షించుకొనవలెను" అన్నచోట తలలు వంగుతాయి. ఆ తర్వాత ఒకటి రెండు వచనాలకు పాస్టర్‌గారు బైబిలు మూస్తారు, రొట్టె చేతికి వస్తుంది.

ఇంకాస్త ముందుకు చదివితే 33వ వచనం ఉంది. "కాబట్టి నా సహోదరులారా, భోజనము చేయుటకు మీరు కూడి వచ్చునప్పుడు ఒకనికొరకు ఒకడు కనిపెట్టుకొని యుండుడి." ఈ పత్రిక రాసిన అపొస్తలుడు పౌలు అంతసేపు చెప్పిన మాటలన్నీ వచ్చి ఆగేది ఇక్కడే. "కాబట్టి" అన్నాడు కదా. పరీక్షించుకున్నావు, సరే, కాబట్టి ఏం చేయాలి? నీ పక్కవాడు వచ్చేదాకా ఆగు.

సంఘమంటే ఏమిటి, దాని విలువలేమిటి, పరిచర్యలేమిటి అని ఎవరైనా అడిగితే ఈమధ్య నాకు ముందుగా గుర్తొచ్చేది ఈ వచనమే. విశ్వాస ప్రమాణం గుర్తు రాకనా? వస్తుంది, అది నాకు ప్రాణం. కానీ కొరింథు వాళ్లకు కూడా సరైన బోధే అందింది. పౌలు అక్కడ ఏడాదిన్నర ఉండి స్వయంగా నేర్పాడు. అయినా మీరు కూడి రావడం మేలుకంటే కీడుకే ఎక్కువగా దారితీస్తోందని రాయాల్సి వచ్చింది. ఒక సంఘం గురించి ఇంతకంటే బాధాకరమైన మాట కొత్త నిబంధనలో నాకు కనబడదు.

అక్కడ జరిగింది ఇది. అప్పటికి ప్రత్యేకంగా మందిరాలు లేవు, ఇళ్లలోనే కూడుకునేవారు. ప్రభు భోజనం అంటే నిజంగా కడుపు నిండే భోజనం. ఉన్నవాళ్లు ముందే తినేవారు. "ఒకడు ఆకలిగొనును మరియొకడు మత్తుడవును" అని పౌలు ఉన్నదున్నట్టు రాశాడు. రోమా సామ్రాజ్యంలో ఆదివారం సెలవు అనేది కాన్‌స్టంటైన్ చక్రవర్తి 321లో ఇచ్చేదాకా లేదు. అంటే కొరింథు విశ్వాసులకు అది మామూలు పనిదినం. బానిసలు, కూలి చేసుకునేవాళ్లు యజమాని వదిలాకే కదలాలి. వాళ్లు చేరేసరికి అందరూ తినేసి ఉంటే ఎలా ఉంటుందో ఊహించండి. పస్తు ఒక్కటే అయితే ఓర్చుకుంటారు, వాళ్లకు అది అలవాటే. ఇక్కడ కూడా నేను ఆఖరివాణ్నే అన్న సంగతి ప్రభువు బల్ల దగ్గరే తెలియడం వేరు. అందుకే పౌలు తిండి సంగతి దగ్గర ఆగకుండా "దేవుని సంఘమును తిరస్కరించి పేదలను సిగ్గుపరచుదురా?" అని అడిగాడు. ఆ రెండింటినీ ఒకే వాక్యంలో పెట్టాడు. పేదవాణ్ని సిగ్గుపరచడం, దేవుని సంఘాన్ని తిరస్కరించడం ఆయన దృష్టిలో ఒకటే పని.

మనం కన్నీళ్లతో వినే ఆ "అప్పగింపబడిన రాత్రి" మాటలు ఈ గొడవ మధ్యలోనే రాతకెక్కాయి. సువార్తల కంటే ముందు రాసిన పత్రిక ఇది. ప్రభు భోజనం గురించి మన చేతికి అందినవాటిలో మొట్టమొదట రాతలోకి వచ్చిన వివరం ఇదే. ఆలస్యంగా వచ్చినవాడికి అన్నం మిగల్చలేదన్న ఫిర్యాదుకు జవాబుగా దేవుడు దాన్ని మనకిచ్చాడు. ఇది తలచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది.

అదే సంఘంలో ఎలాంటివాళ్లు ఉండేవారో రోమా పత్రిక చివర్లో కనబడుతుంది. పౌలు ఆ పత్రికను కొరింథులో ఉండగానే రాశాడని పండితుల అభిప్రాయం. అందులో ఒకే వాక్యంలో ఇద్దరు వందనాలు చెబుతారు: పట్టణపు ఖజానాదారుడు ఎరస్తు, "సహోదరుడగు" క్వర్తు. క్వర్తు అంటే లాటిన్‌లో నాలుగోవాడు. బానిసల్లో ఇలాంటి అంకెల పేర్లు కనబడేవి. ఎరస్తుకు ఉద్యోగం ఉంది, హోదా ఉంది. నాలుగోవాడికి చెప్పుకోవడానికి ఉన్నది ఒక్కటే, సహోదరుడు అన్న మాట. ఈ ఇద్దరూ ఒక్క వాక్యంలో ఇమడడం తేలికే. ఒక్క బల్ల దగ్గర ఇమడాలంటే ఎరస్తు ఆగాలి.

ఇక "కనిపెట్టుకొని యుండుడి" అన్న మాట. గ్రీకులో ఇక్కడున్న క్రియకు ఎదురుచూడమని అర్థం, చేర్చుకోమని కూడా కొందరు చెబుతారు. యాకోబు పత్రిక 5:7లో వర్షం కోసం, భూఫలం కోసం ఓపికతో కనిపెట్టే వ్యవసాయకుడి విషయంలోనూ అదే క్రియ. పునాదులుగల పట్టణం కోసం అబ్రాహాము ఎదురుచూశాడన్నచోటా (హెబ్రీ 11:10) అదే. పొలం దగ్గర రైతు, గుడారంలో అబ్రాహాము, భోజనం ముందు కూర్చున్న విశ్వాసి, ముగ్గురూ ఒకే పని చేస్తున్నారన్నమాట.

మన తెలుగు బైబిలు ఇచ్చిన మాటలో ఇంకా ఎక్కువే ఉందనిపిస్తుంది నాకు. "యెహోవా కొరకు కనిపెట్టుకొని యుండుము" అని కీర్తన 27లో చదువుతాం. ఉపవాస ప్రార్థనల్లో మోకాళ్ల మీద ఉండి "కనిపెట్టుకుని ఉన్నాం ప్రభువా" అంటాం. సాక్షాత్తు దేవుని విషయంలో వాడే ఆ మాటనే పక్కింటి సహోదరి విషయంలోనూ వాడమంటోంది లేఖనం. దానికితోడు ఇళ్లలో ఆ మాటకున్న వాడుక చూడండి. "నేను వచ్చేదాకా బిడ్డను కాస్త కనిపెట్టుకుని ఉండు" అంటాం. అక్కడ అది ఎదురుచూడటం కాదు, కన్ను వేసి ఉంచడం. ఏడుస్తోందేమో, పడిపోతుందేమో చూస్తూ ఉండటం. ఎవరూ చెప్పకుండానే సంగతి గ్రహిస్తే "కనిపెట్టేశావే" అంటాం. ఎదురుచూడటం, చూసుకోవడం, పసిగట్టడం. నేను ఎరిగినంతలో సంఘ పరిచర్యంతా ఈ మూడింట్లోనే ఉంది.

మా సంఘంలో ఒక పెద్దామె ఎప్పుడూ వెనక స్తంభం పక్కనే కూర్చునేది. మోకాళ్ల నొప్పులు, కింద కూర్చోలేదు, కుర్చీ ఆ స్తంభానికి ఆనించుకునేది. ఆమె మూడు వారాలు రాలేదు. ఆ మూడు వారాల్లో మాకు ఒక ప్రత్యేక కూడిక, ఒక యవనస్థుల సదస్సు, ఒక సంఘ కమిటీ సమావేశం జరిగాయి. కమిటీలో పరిచర్యలు విస్తరించడం గురించే మాట్లాడుకున్నాం, నేనూ ఉన్నాను. మూడో ఆదివారం సండే స్కూల్ పిల్ల ఒకతి వచ్చి, "స్తంభం దగ్గర మామ్మ ఏది?" అని అడిగింది. ఎవరి దగ్గరా జవాబు లేదు. వెళ్లి చూస్తే మంచం మీద ఉంది. కబురు చేయడానికి ఎవరూ లేరని చెప్పింది, ఒక్క మాట నిష్ఠూరంగా అనలేదు. ఆరోజు పొద్దున్నే నేను రొట్టె, ద్రాక్షారసం తీసుకున్నాను. నన్ను నేను పరీక్షించుకున్నాననే అనుకున్నాను. నా కోపం, నా అబద్ధాలు, నా నిర్లక్ష్యపు ప్రార్థనలు అన్నీ గుర్తు చేసుకుని ఒప్పుకున్నాను. ఆ ఖాళీ కుర్చీ నా పరీక్షలోకి రానేలేదు.

"ప్రభువు శరీరమని వివేచింపక" తినేవాడి గురించి 29వ వచనంలో ఉన్న హెచ్చరికను నేను చాలాకాలం రొట్టె గురించే అనుకున్నాను. ప్రభు భోజన సంస్కారాన్ని తేలికగా తీసుకోకూడదన్నది నిజం, దానికి నేను తలొగ్గుతాను. అయితే తర్వాతి అధ్యాయమంతా పౌలు శరీరమని పిలిచేది సంఘాన్నే. కన్ను చేతితో నువ్వు నాకు అక్కర్లేదని చెప్పజాలదు అంటాడు. అవయవం ఒకటి లేకపోతే శరీరానికి తెలియాలి కదా. మాకు మూడు వారాలు తెలియలేదు.

తొలి సంఘాలు ఈ పాఠం నేర్చుకున్నాయనడానికి ఆధారాలున్నాయి. దాదాపు 155లో విశ్వాసం కోసం ప్రాణమిచ్చి హతసాక్షి అనిపించుకున్న జస్టిన్ రోమాలో కూర్చుని క్రైస్తవుల ఆదివారం ఎలా ఉంటుందో చక్రవర్తికి వివరిస్తూ రాశాడు. వాక్యం చదువుతాం, బోధ వింటాం, లేచి నిలబడి ప్రార్థిస్తాం, రొట్టె పంచుకుంటాం అని చెప్పి, రానివాళ్లకు పరిచారకులు తీసుకెళ్తారని కూడా చేర్చాడు. కానుకలు ఎవరికి పోతాయో కూడా చెప్పాడు: అనాథలకు, విధవరాండ్రకు, రోగులకు, చెరలో ఉన్నవాళ్లకు, పరదేశులకు. సుమారు వందేళ్ల తర్వాత, 251 ప్రాంతంలో, రోమా బిషప్పు కొర్నేలి తన సంఘం గురించి రాస్తూ 46 మంది పెద్దలను, ఏడుగురు పరిచారకులను లెక్క చెప్పాడు. ఆ లెక్కలోనే, సంఘం పోషిస్తున్న విధవరాండ్రు, ఆపదలో ఉన్నవాళ్లు 1500 మందికి పైనే అన్నాడు. వాళ్లను లెక్కపెట్టినవాళ్లెవరో ఉన్నారు. ఎవరి కుర్చీ ఎక్కడో తెలిసినవాళ్లు.

అలాగని పరిచర్యలు పెంచుకోవద్దని నేననను. సండే స్కూల్ కూడా ఒకరు పిల్లల్ని కనిపెట్టబట్టే వచ్చింది. 1780లో ఇంగ్లండులోని గ్లాస్టర్‌లో రాబర్ట్ రైక్స్ బడి పెట్టింది వారంలో ఆరు రోజులూ పనికి పోయే పిల్లల కోసం. వాళ్లకు చేతికి దొరికేది ఆదివారం ఒక్కటే. ఏ పరిచర్య మొదలునైనా తవ్వి చూడండి, అడుగున రాలేకపోయిన మనిషి ఒకరు కనబడతారు. అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయంలో ఏడుగురిని ఏర్పరచుకున్నది కూడా అనుదిన పరిచర్యలో కొందరు విధవరాండ్రు మరుగునపడ్డారని తెలిసినందుకే.

మా సంఘంలో ఇప్పుడు ఒక చిన్న మార్పు వచ్చింది. బల్లారాధన రోజు పాస్టర్‌గారు 29తో ఆపడం లేదు, 33 దాకా చదువుతున్నారు. చదివి, రొట్టె విరిచే ముందు కాసేపు ఊరుకుంటారు. మేం తలలు ఎత్తి చుట్టూ చూస్తాం. ఎవరు రాలేదో పేర్లు ఒక్కొక్కటిగా అక్కడక్కడినుంచి వినబడతాయి. ఒకావిడ రాసుకుంటుంది. మొదట్లో అది ఆరాధనకు అడ్డమేమోనని కొందరు నొచ్చుకున్నారు, నాకూ మొదటివారం ఇబ్బందిగానే ఉండింది.

కిందటిసారి మేం నలుగురం గిన్నె, రొట్టె పట్టుకుని ఆ పెద్దామె దగ్గరికి వెళ్లాం. దిండుకు ఆనుకుని కూర్చుంది. పాస్టరమ్మగారు వచనాలు చదువుతుంటే పెదవులు కదిపింది. రొట్టె చేతిలో పెట్టాక వెంటనే తినలేదు. తలుపువైపు చూసి, "ఇంకెవరైనా వస్తున్నారా అమ్మా? వాళ్లు కూడా రానీ" అంది.