నల్లబోర్డు మీద సిమెంటు లెక్క

మన బడి వెనకవైపు రెండు గదులను ఊళ్లో ఇప్పటికీ 'సేటు రూములు' అనే అంటారు. 1990 టెన్త్ బ్యాచ్ వాళ్లకు ఎందుకో చెప్పక్కర్లేదు. తర్వాతి వాళ్ల కోసం రాస్తున్నాను.

సేటుది బస్టాండు దగ్గర కిరాణా దుకాణం. మన దేవరకొండ వైపు చెలకల్లో అప్పట్లో ఆముదాలే ఎక్కువ. విత్తనాలకు అప్పిచ్చేదీ ఆయనే, పంట చేతికొస్తే కొనేదీ ఆయనే. పొల్లు ఉందని బస్తాకు కిలో తరుగు తీసేవాడు. మా నాన్న ఆయన్ని తిట్టని రోజు లేదు, ఆయన దుకాణానికి పోని రోజూ లేదు.

ఊరి శిస్తూ, భూమి రికార్డులూ వంశపారంపర్యంగా చూసే పటేల్ పట్వారీ వ్యవస్థ 1984లో రద్దయ్యాక ఊళ్లో పెత్తనం ఎవరిదో తేలలేదు. 1988 పంచాయతీ ఎన్నికల్లో సేటు సర్పంచికి నిలబడ్డాడు. బాకీ ఉన్నవాళ్లంతా ఓటేస్తారని ఆయన లెక్క. బాకీ ఉన్నవాళ్లెవరూ వేయరని నాన్న లెక్క. కొద్ది ఓట్లతో గట్టెక్కాడు కాబట్టి ఇద్దరి లెక్కా సగం సగం నిజమే.

మరుసటి ఏడు ఊళ్లో కూలి పనులు కల్పించే కేంద్ర పథకం జవహర్ రోజ్‌గార్ యోజన వచ్చి, పంచాయతీకే నేరుగా డబ్బులు రావడం మొదలైంది. అప్పటికి ఒక తరగతి వేపచెట్టు కిందే నడిచేది. ఆ డబ్బులతో బడికి రెండు గదుల పని మొదలైన నాటి నుంచి సేటు రోజూ దుకాణం తెరవకముందే బడికి వచ్చేవాడు. మా క్లాసు నల్లబోర్డు కుడి మూలన చాక్‌పీసుతో రాసేవాడు: వచ్చిన సిమెంటు బస్తాలు, వాడినవి, మిగిలినవి. దాన్ని ఎవరూ తుడవొద్దని హుకుం. లెక్కల సారు విసుక్కుంటూ మిగిలిన జాగాలోనే బీజగణితం ఇరికించేవారు.

ఒకరోజు వెనక బెంచీ వాడొకడు లేచి తీసివేత తప్పిందన్నాడు. సేటు మొహం మాడిపోయింది. అప్పటికప్పుడు మేస్త్రీని పిలిపించి బస్తాలు మళ్లీ లెక్కబెట్టించాడు. ఒకటి తక్కువే! అది ఎవరింటి అరుగుకు పోయిందో వారం రోజులు ఊరంతా చెప్పుకున్నారు.

1995 ఎన్నికల్లో ఓడిపోయాడు. తెల్లారి ఎప్పటిలాగే దుకాణం తెరిచాడు.

నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో నాన్న పాత బాకీ 42 రూపాయలు కట్టడానికి వెళ్లాను. సేటు కళ్లజోడు సర్దుకుని ఖాతా బుక్కు తిరగేశాడు.

"నలభై నాలుగు పిలగా. టెన్త్ పరీక్ష నాడు పెన్ను తీస్కపోయినవ్, యాదికి లేదా?"

ఆ పెన్ను పరీక్ష హాల్లోనే లీకైందని చెప్పి చూశాను. తగ్గించలేదు.