ముందు మీ బండి సంగతి చూసుకోండి!

నిన్న అపార్ట్‌మెంట్ మీటింగ్‌లో నోరు ఊరుకోక ఓ మాట అన్నాను. ఆర్‌ఓ ఫిల్టర్ లీటరు మంచినీళ్లిచ్చి రెండు మూడు లీటర్లు సింకులోకి వదిలేస్తోంది కదా, ఆ నీళ్లని పైపుతో కింద డ్రమ్ములో పడితే మెట్లు కడగడానికి పనికొస్తాయని. కాగితం మీద బొమ్మ కూడా గీసుకెళ్లాను.

"ముందు మీ బండి గీత లోపల పెట్టడం నేర్చుకోండి సార్" అన్నారు పై ఫ్లోర్ పెద్దాయన. అందరూ నవ్వారు. నా బండి అడ్డంగా ఉంటుంది, నిజమే. దానికీ డ్రమ్ముకీ ఏం సంబంధం? ఇంకొకాయనైతే "అంత మంచి ఐడియా అయితే బిల్డరే పెట్టేవాడుగా" అని తేల్చేశారు. ఖర్చెంత, పైపు లీకైతే ఎలా అని ఒక్కరూ అడగలేదు. అడిగుంటే నా దగ్గరా సగం జవాబులే ఉన్నాయి, అది వేరే విషయం.

రాత్రి నిద్ర పట్టక పడుకుంటే చింతకింది మల్లేశం గారు గుర్తొచ్చారు. ఆలేరు దగ్గరి చేనేత ఇంటి మనిషి, చదివింది ఆరో తరగతి. ఒక్క చీరకి ఆసు పోయాలంటే, అంటే నేతకి ముందు దారాన్ని మేకుల చుట్టూ చుట్టాలంటే, వాళ్లమ్మ లక్ష్మి గారు సుమారు 9,000 సార్లు చెయ్యి తిప్పాలి. ఆ భుజం నొప్పి చూడలేక 1992లో మొదలుపెడితే, ఎగతాళి భరిస్తూ భరిస్తూ 1999కి మిషన్ తయారైంది. దానికి అమ్మ పేరే పెట్టుకున్నారు, లక్ష్మీ ఆసు యంత్రమని. 2017లో పద్మశ్రీ వచ్చింది.

నాది ఉత్త డ్రమ్మే లెండి. పొద్దున్నే బండి గీత లోపల పెట్టేశాను. ఇప్పుడు డ్రమ్ము రేటు కనుక్కోవడానికి బజారుకెళ్తున్నా.