సమాచార హక్కు చట్టంలో గడువు ఎవరికి ఉంది, ఎవరికి లేదు

2005 అక్టోబరు 12న పూర్తిగా అమల్లోకి వచ్చిన సమాచార హక్కు చట్టంలో నేను అన్నిటికన్నా విలువైనదిగా భావించేది ఏడో సెక్షన్. పౌరుడు అడిగిన సమాచారాన్ని వీలైనంత త్వరగా, ఎట్టి పరిస్థితుల్లోనూ 30 రోజులు దాటకుండా ఇవ్వాలని, ఇవ్వకపోతే కారణం చూపాలని అది ఆదేశిస్తుంది. వ్యక్తి ప్రాణానికో స్వేచ్ఛకో సంబంధించిన విషయమైతే గడువు 48 గంటలే. ఇంతవరకు చాలామందికి తెలుసు. అంతగా ప్రచారంలోకి రానిది అదే సెక్షన్‌లోని రెండో ఉపసెక్షన్: గడువులోగా, దరఖాస్తులకు బదులివ్వవలసిన పౌర సమాచార అధికారి ఏ నిర్ణయమూ తెలియజేయకపోతే ఆయన దరఖాస్తును తిరస్కరించినట్టే లెక్క. జవాబు రాని కాగితం కోసం ఎంతకాలమైనా ఎదురుచూడవలసి వచ్చిన పాత స్థితిని ఈ ఒక్క వాక్యం మార్చింది. తిరస్కరణ అంటూ ఒకటి ఉంటేనే దానిమీద అప్పీలుకు వెళ్లగలం. ఆ తిరస్కరణను అధికారి రాసి ఇవ్వకపోయినా చట్టమే రాసి ఇస్తోంది.

ఈ లెక్క ఏ రోజున మొదలవుతుందన్నదే తరచూ తగాదాకు దారితీస్తుంది. మనం దరఖాస్తు రాసుకున్న తేదీ నుంచో పోస్టు చేసిన తేదీ నుంచో కాదు, అది కార్యాలయానికి అందిన తేదీ నుంచే రోజులు లెక్కకు వస్తాయి. అందుకే స్వయంగా ఇచ్చేటప్పుడు నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోవాలి. పోస్టులో పంపితే చేరినట్టు రుజువు దాచుకోవాలి. దరఖాస్తులు తీసుకుని పౌర సమాచార అధికారికి పంపే సహాయ పౌర సమాచార అధికారికి ఇచ్చిన దరఖాస్తుకు మరో 5 రోజులు కలుస్తాయి. మనం అడిగినది వేరే శాఖ దగ్గర ఉంటే, దరఖాస్తును 5 రోజుల్లోగా అక్కడికి బదిలీ చేసి ఆ సంగతి మనకు తెలియజేయవలసిన బాధ్యత దాన్ని అందుకున్న అధికారిదే. ‘మాకు సంబంధం లేదు, వారినే అడగండి’ అని తిప్పి పంపడం చట్టానికి విరుద్ధం.

నకళ్ల రుసుము విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఇంత మొత్తం చెల్లించండని అధికారి లేఖ పంపిన రోజుకూ మనం చెల్లించిన రోజుకూ మధ్య కాలాన్ని 30 రోజుల నుంచి మినహాయిస్తారు. నెల నిండబోతుండగా ఇలాంటి లేఖ వచ్చిన దరఖాస్తును నేను దగ్గరగా చూశాను. అది చట్టబద్ధమే కావచ్చు గాని, ‘వీలైనంత త్వరగా’ అన్న మాటకు అందులో గౌరవం లేదు. ఒకవేళ గడువు దాటిపోతే మాత్రం ఆ తర్వాత ఇచ్చే సమాచారానికి రుసుము అడగకూడదు, ఉచితంగానే ఇవ్వాలి. ఈ సంగతి తెలియక డబ్బు కట్టేవారు ఉన్నారు.

ఆలస్యానికి జరిమానా రోజుకు 250 రూపాయలు, మొత్తం మీద 25,000 రూపాయలకు మించదు. అంటే 100 రోజులు గడిచాక ఎంత ఆలస్యమైనా అది పెరగదు. ఆలస్యం సహేతుకమేనని రుజువు చేసుకోవలసిన భారం అధికారిదే అయినా, ఈ జరిమానా పౌర సమాచార అధికారికి మాత్రమే వర్తిస్తుంది. ఆయన పై అధికారికి చేసుకునే మొదటి అప్పీలును 30 రోజుల్లో, కారణాలు రాసిపెట్టి 45 రోజుల్లోపు తేల్చాలని చట్టం చెబుతున్నా, తేల్చని అప్పీలు అధికారిపై ఈ చట్టంలో జరిమానా లేదు.

అసలు లోటు ఆ పై మెట్టు మీద ఉంది. రెండో అప్పీలు వేయడానికి పౌరుడికి 90 రోజుల గడువు పెట్టిన చట్టం, దాన్ని పరిష్కరించడానికి, ఈ చట్టం కిందే ఏర్పడిన స్వతంత్ర సంస్థ అయిన సమాచార కమిషన్‌కు ఏ గడువూ పెట్టలేదు. అమెరికాలో సంస్థ 20 పనిదినాల గడువు తప్పితే దరఖాస్తుదారు నేరుగా ఫెడరల్ కోర్టుకు వెళ్లవచ్చు. మన దగ్గర 23వ సెక్షన్ సివిల్ దావాలకు తలుపు మూసింది కాబట్టి, కమిషన్ ఆలస్యం చేస్తే హైకోర్టులో రిట్ తప్ప వేరే దారి దాదాపు లేదు. ఆ ఖర్చు, శ్రమ సామాన్యుడు భరించగలిగేవి కావు. కింది గుమాస్తా ముందున్న కాగితానికి రోజులు లెక్కగట్టి, అదే కాగితం కమిషనర్ ముందుకు చేరాక లెక్క మానేయడం న్యాయం కాదు. కమిషన్‌కూ చట్టంలోనే గడువు రాయాలి, ఖాళీ అయిన కమిషనర్ పదవులను వెంటనే నింపాలి.

అది జరిగేదాకా అప్పీలుదారు తన తేదీలను తానే కాపాడుకోవాలి. రెండో అప్పీలుకు ఉన్న 90 రోజులు, మొదటి అప్పీలుపై నిర్ణయం అందిన రోజు నుంచి, లేదా అది వెలువడవలసిన రోజు నుంచి లెక్కకు వస్తాయి. అప్పీలులో సమాచారంతో పాటు 20వ సెక్షన్ కింద జరిమానాను, నష్టం జరిగి ఉంటే 19వ సెక్షన్ కింద పరిహారాన్ని విడివిడిగా కోరాలి.