పి నొక్కితే ప్రింట్

కింగ్స్ క్రాస్ నుంచి కేంబ్రిడ్జ్‌కి రైల్లో గంట చాలు. టికెట్ డబ్బుతో మాత్రం విజయవాడ నుంచి హైదరాబాద్ నాలుగుసార్లు వెళ్లి రావచ్చు. కాలేజీలు, నది, పడవల గురించి అందరూ రాశారు, వదిలేస్తున్నా. నేను వెళ్లింది అక్కడి కంప్యూటర్ల మ్యూజియంలో బీబీసీ మైక్రో అనే పాత కంప్యూటర్‌ని చూడటానికి. 1984లో మొదలైన, బడిపిల్లలకి కంప్యూటర్ నేర్పే క్లాస్ పథకం కింద గుంటూరులో మా స్కూలుకి వచ్చింది అదే. చెప్పులు బయట విప్పి, ఒక్కోదాని ముందు నలుగురం కూర్చునేవాళ్లం.

స్టేషన్ నుంచి సన్నటి వానలో నడిచాం. లోపల మెషీన్లని ముట్టుకోనిచ్చారు, నాకు అదే ఆశ్చర్యం. మా అమ్మాయి ఒక చిన్న నల్ల డబ్బా దగ్గర ఆగిపోయింది. 1982 నాటి సింక్లెయిర్ స్పెక్ట్రమ్, ఇళ్లలో వాడే కంప్యూటర్. 40 మీటలు, ఎరేజర్ ముక్కల్లా మెత్తగా ఉన్నాయి. తన పేరు కొట్టబోయింది.

"నాన్నా, పి నొక్కితే ప్రింట్ అని పడుతోందేంటి?"

ప్రోగ్రాములు రాసే బేసిక్ భాషలోని మాటలన్నీ ఇలా మీటలకే కట్టేశారు. దీనికి ముందు వచ్చిన జెడ్ఎక్స్80లో 4 కేబీ రోమ్‌లో, అంటే చెరగని మెమరీలో, అన్నీ ఇరికించాలి కాబట్టి సరే. ఇందులో రోమ్ 16 కేబీ, అయినా ఆ అలవాటు వదల్లేదు. సున్నా గీయాలంటే సర్కిల్ అని కొట్టడానికి లేదు. రెండు షిఫ్టులూ కలిపి నొక్కి వదిలి, మళ్లీ ఒక షిఫ్టు పట్టుకుని హెచ్ నొక్కాలి. నాకు చిరాకేసింది.

పక్కనున్న ఇంగ్లిష్ పెద్దమనిషి నవ్వుతూ వచ్చి కూర్చున్నాడు. నా వయసే ఉంటుంది. చూడకుండా కొట్టేస్తున్నాడు. ఆకుపచ్చ సున్నా గీసి, దాని మీదుగా ఎర్ర గీత లాగాడు. గీత తగిలిన చోటల్లా సున్నా కూడా గడులు గడులుగా ఎర్రబడిపోయింది. 8 చుక్కల పొడవు, 8 చుక్కల వెడల్పు గడిలో రెండే రంగులు పడతాయట. అలా చేస్తే తెర మొత్తం రంగులకి 768 బైట్లు సరిపోతాయి. చుక్కచుక్కకీ విడిగా 8 రంగులు ఇవ్వాలంటే 18 కేబీ కావాలి. 125 పౌండ్ల మోడల్లో ఉన్నదే 16 కేబీ మెమరీ, ఇంకెక్కడ పెడతారు! పొదుపంతా బొమ్మలో కనపడిపోయింది. ఆటల్లో మనిషి చెట్టు దాటితే చెట్టు రంగు మారేదని చెప్పి ఆయన మురిసిపోయాడు.

వాళ్ల నాన్న 48 కేబీది 175 పౌండ్లు పెట్టి కొన్నాడట. అప్పుడు బీబీసీ మైక్రో మోడల్ బి 399. అందుకే ఆయనకి ఇది ఇంట్లో ఉంది. నాకు బీబీసీ మైక్రో వారానికి ఒక పీరియడ్, అందులో నాలుగో వంతు.

ఇంతలో మూసేస్తున్నామన్నారు. బీబీసీ మైక్రోల వరస ఎదురుగానే ఉంది. లేచి వెళ్లి ఒకదాని మీద చెయ్యి వేశానో లేదో, స్విచ్ కట్టేశారు.