కాఫీ కోతల వేళ కొండ మీద రెండు రాత్రులు

విశాఖలో పొద్దున్నే ఎక్కిన కిరండూల్ పాసింజరు బొడ్డవర దాటిన దగ్గర్నుంచి కొండెక్కడం మొదలుపెట్టింది. బైలడిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని రేవుకు దించడానికి 1960ల్లో వేసిన లైను ఇది. గూడ్సు బండ్ల రద్దీ ఎక్కువ కాబట్టి ఆలస్యాలు మామూలే. అరకు నుంచి తిరిగొచ్చి అదే రాత్రి విశాఖలో వేరే రైలు ఎక్కాల్సినవాళ్ళు మధ్యలో కనీసం మూడు గంటలు ఖాళీ పెట్టుకోవాలి. అద్దాల బోగీలో సీటు దొరకలేదని దిగులు పడక్కర్లేదు. సొరంగాలు ఏ బోగీకైనా ఒకటే. పైగా శివలింగపురం, చిమిడిపల్లి లాంటి చిన్న స్టేషన్లలో బుట్టలతో ఎక్కే ఊళ్ళవాళ్ళతో మాట కలపాలంటే జనరల్ బోగీయే నయం.

మేం వెళ్ళింది డిసెంబరు రెండో వారంలో, అదీ బుధవారం. శని ఆదివారాల్లో అయితే ఘాటీ రోడ్డు మీద కార్లు కదలవు. మన్యంలో ఊళ్ళవాళ్ళు సొంతంగా నడుపుకుంటున్న బసలు ఎలా సాగుతున్నాయో, సందర్శకుడు ఇచ్చే డబ్బు ఏ చేతిలో ఆగుతోందో దగ్గర్నుంచి చూడాలని బయల్దేరాం.

ముందు బొర్రాలో దిగాం. గుహలు చూసినవాళ్ళు బోలెడుమంది. ఈ పంచాయతీ వల్ల దేశానికి దక్కిన సుప్రీంకోర్టు తీర్పు గురించి తెలిసినవాళ్ళు తక్కువ. అనంతగిరి మండలంలోని ఈ కొండల్లో గనుల తవ్వకానికి ప్రభుత్వం గిరిజనేతరులకు లీజులిస్తే, సమత అనే సంస్థ ఊళ్ళవాళ్ళ తరఫున కోర్టుకెక్కింది. 1997 జులై 11న సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది: షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకు లీజుకివ్వడానికి వీల్లేదు, ఈ నిషేధం వర్తించే 'వ్యక్తి' అనే మాటలో ప్రభుత్వమూ వస్తుంది. తవ్వకాల లాభంలో కనీసం 20 శాతం అక్కడి నీళ్ళకు, బడులకు, వైద్యానికి, రోడ్లకు నిధిగా పక్కన పెట్టాలని కూడా అందులోనే ఉంది.

ఆ తీర్పుకు ఆధారం 1959 నాటి భూ బదలాయింపు నిబంధన, దానికి 1970లో వచ్చిన సవరణ. 1970 నాటి ఒకటో నిబంధన కాబట్టి ఏజెన్సీలో దాన్ని 'వన్ ఆఫ్ సెవెంటీ' అంటారు. దాని ప్రకారం ఇక్కడి భూమి గిరిజనుల మధ్యే చేతులు మారాలి, లేదంటే గిరిజనుల సహకార సంఘానికి వెళ్ళాలి. పర్యాటకానికి దీనితో ఏం పని అనిపించవచ్చు. అసలు పనంతా దీనితోనే. బస కట్టాలంటే భూమి కావాలి. బయటివాడికి భూమి రాదు. అందుకని కొన్నిచోట్ల పట్టా ఊరివాడి పేరు మీదే ఉంటుంది, గల్లాపెట్టె మాత్రం మైదానం నుంచి వచ్చినవాడి దగ్గర ఉంటుంది. ఊరివాడికి నెలకింత అని ముట్టజెప్పి, ఆయన ఇంట్లో వాళ్ళనే గదులు ఊడవడానికి పెట్టుకుంటారు. బయటికి 'ట్రైబల్ స్టే' అనే బోర్డు కనిపిస్తుంది.

కాబట్టి ఫోనులో గది అడిగేటప్పుడే నాలుగు మాటలు తేల్చుకోవడం మంచిది. డబ్బు ఎవరి ఖాతాలో పడుతుంది, సంఘానిదా ఒక మనిషిదా? వంట ఎవరు చేస్తారు? దారి చూపేవాళ్ళు ఏ ఊరివాళ్ళు? గ్రామసభలో దీని మీద తీర్మానం జరిగిందా? ఊరే నడుపుతున్న చోట వీటికి తడుముకోకుండా జవాబొస్తుంది. దళారి అయితే రెండో ప్రశ్న దగ్గరే విసుక్కుంటాడు.

మేమున్న ఊరు సుంకరమెట్ట వైపు, రోడ్డు నుంచి గంట నడక. పేరు రాయడం లేదు. అతిథుల గదులున్నవి ఆరిళ్ళే, ముప్పై కార్ల జనం ఒక్కసారి వచ్చిపడితే అక్కడి గెడ్డ (కొండవాగు) తట్టుకోలేదు. పెంకుటింటి వసారాకు ఆనుకుని మట్టి గోడల గది, సిమెంటు గచ్చు, రెండు నులక మంచాలు, దోమతెర. స్నానానికి పొయ్యి మీద కాగిన నీళ్ళు మనిషికి ఒక బకెట్టు. డిసెంబరు రాత్రుల్లో చలి పది డిగ్రీల లోపుకు దిగుతుంది, రెండు దుప్పట్లు ఉన్నా చెవులకు ఏదైనా చుట్టుకోవాలి.

మనిషికి రాత్రికి తొమ్మిది వందలు, రెండు పూటల తిండితో కలిపి. అందులో ఐదు వందలు గది ఉన్న ఇంటికి, రెండు వందల యాభై వంట చేసిన ఇద్దరికి, మిగిలిన నూట యాభై ఊరి పెట్టెకు. ఈ లెక్క గీతల నోటుపుస్తకంలో ఉంటుంది, ఎవరొచ్చి అడిగినా చూపిస్తారు. గదులు వంతుల మీద ఇస్తారు. మంచి మరుగుదొడ్డి ఉన్న ఇల్లే కావాలని అడిగితే కుదరదు. మొదట్లో ఆ వెసులుబాటు ఇచ్చారట, దాంతో ఫోటోల్లో బాగున్న రెండిళ్ళకే అతిథులంతా వెళ్ళారు, మిగతా నాలుగిళ్ళు చేసిన అప్పు అలాగే ఉండిపోయింది. ఇంకో పొరపాటు కూడా జరిగింది. బుకింగులన్నీ ఒక కుర్రాడి ఫోనుకే వచ్చేవి. ఊళ్ళో సిగ్నలు అందేది గుట్టెక్కితేనే. ఒకే రాత్రికి రెండు జట్లు దిగిపోయిన రోజులున్నాయి, బయానా ఎంతొచ్చిందో తెలియక తగువులు పడ్డ రోజులూ ఉన్నాయి. ఇప్పుడు బయానా నేరుగా డ్వాక్రా సంఘం ఖాతాలో పడుతుంది, తీయాలంటే ఇద్దరు సంతకం పెట్టాలి. సగం ముందే కట్టించుకుంటారు. చివరి నిమిషంలో రామంటే అది తిరిగి రాదు, ఎందుకంటే అప్పటికే కోడి కొనేసి ఉంటారు. మిగతా సగానికి నోట్లు పట్టుకెళ్ళాలి, ఫోనులో చెల్లింపులు అక్కడ నమ్ముకోలేం.

ఈ ఊరు చేసిన పనుల్లో మాకు అన్నిటికన్నా నచ్చింది వేరే ఉంది. నవంబరు నుంచి జనవరి దాకా రోజుకు మూడు గదులే ఇస్తారు. మధ్యాహ్న భోజనం పెట్టరు. సాయంత్రం నాలుగు తర్వాతే రమ్మంటారు. విశాఖలో కూర్చుని చూస్తే ఇది చేతికొచ్చిన గిరాకీని పోగొట్టుకోవడంలా ఉంటుంది. అక్కడికెళ్తే తెలుస్తుంది. విశాఖ జనం మంచు కోసం ఎగబడే నెలలూ, కాఫీ పళ్ళు ఎర్రబడే నెలలూ ఒకటే. ఆ ముందే వరి కోతలు. రెంటికీ చేతులు అవే, ముఖ్యంగా ఆడవాళ్ళవి. పర్యాటకాన్ని పెంచాలని పథకాలు రాసేవాళ్ళు చాలామంది ఈ ఒక్క లెక్క వేయరు. వంటకు ఇద్దరు ఆగిపోతే తోటలో రెండు బుట్టల పళ్ళు తగ్గుతాయి. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా అతిథులు ఎలాగూ పల్చబడతారు, ఏడాది పొడుగునా ఇల్లు గడిపేది తోటే. మధ్యాహ్నం వండిపెట్టరా అని మాతో వచ్చిన ఒకాయన అడిగితే ఇంటావిడ బుట్ట భుజానికెత్తుకుంటూ అంది: "పండు ఆగదు బాబూ. మీరు ఆగుతారు."

మర్నాడు పొద్దున ఏడింటికి వాళ్ళ వెనకే తోటకు వెళ్ళాం. పైన సిల్వర్ ఓక్ చెట్లు, వాటి మొదళ్ళకు అల్లుకున్న మిరియాల తీగలు, కింద నీడలో అరబికా మొక్కలు. ఒకే కొమ్మ మీద ఆకుపచ్చవి, పసుపువి, ఎర్రవి కలిసి ఉంటాయి. పూర్తిగా ఎర్రబడ్డ పండునే వేళ్ళతో మెలితిప్పి తీయాలి, తొడిమ చెట్టుకే ఉండాలి. కొమ్మ పట్టుకుని దూసేస్తే పచ్చికాయలు కలుస్తాయి, మరుసటేడు పూత వచ్చే కణుపులూ దెబ్బతింటాయి. అందుకే ఒక్కో తోటను సీజన్లో మూడు నాలుగు సార్లు చుట్టాలి. సందర్శకులు సరదాకు కోస్తామని ముందుకొస్తారు. కోయొచ్చు, కానీ మన బుట్ట వేరుగా పెట్టమంటారు. సాయంత్రం దాన్ని ఏరుకోవడం వాళ్ళకు అదనపు పని.

కోసిన పళ్ళు ఆ సాయంత్రమే తొక్క ఒలిచే చేతి యంత్రం బేబీ పల్పర్‌లో పడాలి. తెల్లారే దాకా గోనెలో ఉంటే లోపల పులుపెక్కి కాఫీకి చెడు వాసన పడుతుంది. ముందు నీళ్ళ తొట్టిలో పోస్తారు, తేలినవి తాలు, అవి వేరు. పిడి తిప్పుతుంటే తొక్క ఒక వైపు, జిగురుతో గింజ ఇంకో వైపు పడతాయి. పల్పర్ బిగుతు సరిగ్గా లేకపోతే గింజ చిట్లుతుంది, చిట్లిన గింజ ధర పడగొడుతుంది. జిగురు వదలడానికి బకెట్లలో మూతపెట్టి ఉంచుతారు, ఈ చలిలో ఒక్కోసారి ముప్పై గంటలు దాటుతుంది. గడియారం చూసి తీయరు. చేత్తో నలిపి చూస్తారు. గులకరాళ్ళలా గరగరమంటే కడిగేయడానికి సిద్ధం. కడిగిన గింజను నేల మీద పోయకుండా వల కట్టిన బల్లల మీద పల్చగా ఆరబెడతారు. నేల మీద ఆరితే మట్టి వాసన పట్టేస్తుంది. పొద్దుగూకగానే కప్పాలి, మంచు తగిలిందంటే వారం పని పోయినట్టే. ఆరు కిలోల పళ్ళకు చివరికి చేతికొచ్చేది సుమారు కిలో కాఫీ గింజ. విశాఖ హోటల్లో కప్పు కాఫీకి రెండు వందలు ఇచ్చేవాళ్ళు ఈ బల్లల దగ్గర పది నిమిషాలు నిలబడాలి. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 1956 నుంచి ఉన్న గిరిజన సహకార సంస్థ కొంటుంది, సహకార సంఘాలు కొంటాయి, దళారులూ కొంటారు. పళ్ళుగా అమ్మేసేదానికీ, ఆరబెట్టి గింజగా అమ్మేదానికీ ఉండే తేడాయే ఇంటి ఆదాయం. బస డబ్బులు చేతిలో ఉంటే, కోతల ముందు దళారి దగ్గర అప్పు తీసుకోకుండా నిలబడగలుగుతున్నామని సంఘం ఆడవాళ్ళు చెప్పారు. మా దృష్టిలో ఈ ఊరి పర్యాటకానికి అదే పెద్ద ప్రయోజనం.

రాత్రి బొంగు చికెన్. దీనికి పచ్చి వెదురే కావాలి. ఎండు బొంగు మంటకు అంటుకుంటుంది, మరీ లేతది పగిలిపోతుంది. ఒక కణుపు మూసి ఉండేలా మూరెడు పైన కోసి, లోపల కడిగి, ముప్పావు కిలో కోడి ముక్కలకు ఉప్పు, కారం, పసుపు, అల్లం వెల్లుల్లి పట్టించి నింపుతారు. నూనె ఉండదు. పైన నాలుగు వేళ్ళ ఖాళీ వదిలి అడ్డాకులు కుక్కుతారు, కిక్కిరిసి నింపితే ఆవిరికి చోటులేక నడిమి ముక్క పచ్చిగా ఉండిపోతుంది. నిప్పుల మీద తిప్పుతూ నలభై నిమిషాలు. రుచి సంగతి అందరూ రాస్తారు. మేం చెప్పదలచుకున్నది బొంగు గురించి. ఒక్క బొంగు ఒక్కసారే పనికొస్తుంది. రోడ్డు పక్క దుకాణాల్లో రోజంతా కాలుతుంటే ఎన్ని వెదుళ్ళు పోతాయో ఊహించుకోవచ్చు. ఈ ఊళ్ళో జట్టుకు ఒక్క రాత్రే పెడతారు, రెండో రాత్రి రాగి సంకటి, రాజ్మా కూర. వెదురు పొదలో ఆ ఏడాది మొలిచిన పిలకలను ముట్టుకోరు.

థింసా అనే గిరిజన నృత్యం చూడాలని మాకూ ఉంది. ఆడవాళ్ళు వెనకనుంచి ఒకరి నడుము ఒకరు పట్టి గొలుసుగా కదులుతుంటే ఆ అడుగుల చప్పుడు డప్పు కన్నా ముందు వినిపిస్తుంది. ఆకులు ఏరుతున్నట్టు ఆడేది పొతర్ తోల, పులి దాడి నుంచి తప్పించుకుంటున్నట్టు ఆడేది బాగ్ థింసా, ఇలా ఎనిమిది రకాలున్నాయి. పగలంతా కోతకు వెళ్ళొచ్చిన వాళ్ళను రాత్రి ఆడమనడం న్యాయం కాదని ఈ నెలల్లో ఊరే వద్దంది. మేం వదిలేశాం. వేరేచోట ఆడించుకునేవాళ్ళు డబ్బు జట్టు పెద్దమ్మ చేతికే ఇవ్వాలి. మేనేజరు చేతికిస్తే పదిహేను మంది పంచుకోవడానికి మిగిలేది ఎంతో అడిగి తెలుసుకోవాలి.

వలిసె పూల కోసం అక్టోబరు, నవంబరుల్లో వెళ్ళేవాళ్ళకు ఒక మాట. అది నూనెగింజల చేను. ఫోటోకు ఇంతని రైతు అడిగితే ఇవ్వాలి, గట్టు మీదే నిలబడాలి. ఇంటికొచ్చిన రెండు మూడు వారాల్లో జ్వరం వస్తే, ఏజెన్సీకి వెళ్ళొచ్చామని డాక్టరుకు చెప్పి మలేరియా పరీక్ష చేయించుకోవాలి.

ఊరి పెట్టెలో నూట యాభైలు ఎక్కడికి పోయాయో చివరి పొద్దున చూపించారు. కొండ ఊట నుంచి ఊళ్ళోకి పైపు ఉంది, వాలు మీదే నీళ్ళు దిగుతాయి, మోటారు లేదు. ఆకులు అడ్డుపడితే మూడు రోజులకోసారి ఎక్కి జల్లెడ తీయాలి, ఆ మనిషికి కూలి ఇందులోంచే. మరుగుదొడ్లకు జంట గుంతలు తవ్వించారు. ఒకటి నిండితే మూసేసి రెండోది వాడతారు, మూసింది కనీసం ఏడాది ముట్టుకోరు, తర్వాత అది ఎరువు. ప్లాస్టిక్ మాత్రం వాళ్ళ వల్ల కావడం లేదు. చెత్త బండి ఆ ఊరి దాకా రాదు. కాలిస్తే పొగ ఆరబోసిన కాఫీకి పడుతుంది, పాతితే గెడ్డలోకి కొట్టుకొస్తుంది. అందుకే వెళ్ళేటప్పుడు ప్రతి జట్టుకూ ఒక గోనెసంచి ఇస్తారు, మనం తెచ్చినవే కాదు, దారిలో దొరికినవి కూడా వేసుకోమని.

తిరుగు దారిలో అనంతగిరి ఘాటీ దిగుతుంటే మా సంచి సీటు కింద ఉంది. ఈ కొండల్లో పుట్టి బొర్రా మీదుగా పారే గోస్తనీ తాటిపూడి జలాశయంలో నిలుస్తుంది, అక్కణ్ణుంచి విశాఖ కుళాయిలకొస్తుంది, చివరికి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. నీళ్ళ సీసాలు, చిప్స్ కవర్లు, ఒక తెగిన చెప్పు ఉన్న ఆ సంచిని విశాఖలోని మద్దిలపాలెం దాకా మోసుకొచ్చి, మర్నాడు పొద్దున చెత్త బండికి ఇచ్చాం.