మూడో తొట్టి మళ్లీ పచ్చబడింది: పూడిక మట్టి, పటిక, భాస్వరం

పటిక వేసిన మర్నాడు అడుగున రాలిన ఆకు ఈనెలు కూడా కనిపించేంత తేటగా తేలిన మూడో తొట్టి, రెండు వారాలకే మళ్లీ ఉడికిన బఠాణీ రంగుకు తిరిగింది. తెల్ల మూతను దారానికి కట్టి దింపితే 11 సెం.మీ. దగ్గరే మాయమవుతోంది. ఒళ్లు మండిపోయే సంగతే. కానీ ఈ పచ్చదనం ఎక్కడి నుంచి పుట్టుకొస్తోందో ఈసారి అంకెలు పట్టిచ్చాయి. అందుకే ఈ పోస్టంతా ఆ ఒక్క తొట్టి గురించే.

బెంగళూరు మారతహళ్లిలో మిద్దె మీద మూడు తొట్లు. ఒక్కోటి 80 సెం.మీ. వ్యాసం, 40 సెం.మీ. లోతు నీళ్లు, అంటే సుమారు 200 లీటర్లు. మొదటిదాంట్లో ఎర్రమట్టి, వాన నీళ్లు. రెండోదాంట్లో ఎర్రమట్టి, బోరు నీళ్లు. ఆ రెండూ హాయిగా ఉన్నాయి: హైడ్రిల్లా అనే నీటి మొక్క, నత్తలు, డాఫ్నియా అనే చిన్న నీటి జీవులు అన్నీ కుదురుకున్నాయి. మూడోదాంట్లోనూ బోరు నీళ్లే, మొక్కలూ అవే, ఎండా అంతే. అడుగున మాత్రం ఒక చెరువులోంచి తవ్వి తీసిన పూడిక మట్టి 5 సెం.మీ. పరిచి ఉంది. మురుగు ఆపేస్తే చాలు, చెరువు తనంతట తానే బాగుపడుతుందని ఈ ఊళ్లో తరచూ వింటాం. అది ఎంతవరకు నిజమో చూడటానికే ఈ తొట్టి. దీంట్లో ఎరువు పడదు, మేత పడదు, మురుగు చుక్క కూడా పడదు. అయినా పచ్చబడింది.

ఉదయం 6 గంటలకు: కరిగిన ఆక్సిజన్ (డీఓ) లీటరుకు 1.8 మి.గ్రా., పీహెచ్ 7.5. సాయంత్రం 4 గంటలకు: ఆక్సిజన్ 13, పీహెచ్ 9.4. పగలంతా నాచు కార్బన్ డయాక్సైడ్ లాగేసుకుని పీహెచ్‌ను పైకి ఎక్కిస్తుంది. రాత్రి అదే నాచు, దాంతోపాటు మట్టిలోని బ్యాక్టీరియా ఊపిరి తీసి ఆక్సిజన్‌ను ఖాళీ చేస్తాయి. ఇక్కడ ఒక మాట. బెంగళూరు సముద్ర మట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున ఉంది. 25 డిగ్రీల దగ్గర సముద్ర తీరంలో నీళ్లు పట్టగలిగే ఆక్సిజన్ 8.3 అయితే ఇక్కడ 7.4 మాత్రమే. డీఓ మీటరులో ఎత్తు సరిచేయకుండా కొలిస్తే ప్రతి అంకె పదో వంతు తప్పుతుంది.

పీహెచ్ 9.4 కూడా తక్కువ ప్రమాదం కాదు. అమ్మోనియా మొత్తం 0.5 మి.గ్రా. ఉందనుకుందాం. పీహెచ్ 7.5 దగ్గర అందులో విషపు రూపం 2 శాతానికి లోపే. 9.4 దగ్గర సగం దాటిపోతుంది. ఈ తొట్టిలో డాఫ్నియా నిలవకపోవడానికి నా అనుమానం ఇదే. డాఫ్నియా పోతే నాచును మేసేవాళ్లు ఉండరు, నాచు ఇంకా పెరుగుతుంది, పీహెచ్ ఇంకా ఎక్కుతుంది.

పటిక వేయకముందు ఫాస్ఫేట్ లీటరుకు 1.2 మి.గ్రా. వచ్చింది. దీనికి హానా చెకర్ హెచ్ఐ713 అనే మీటరు వాడండి, రంగుల చార్టుతో 0.25కూ 0.5కూ తేడా పట్టడం కష్టం. మీటరు చూపేది ఫాస్ఫేట్, భాస్వరం కావాలంటే 3.07తో భాగించాలి. అంటే లీటరుకు 0.39 మి.గ్రా. భాస్వరం, తొట్టి మొత్తానికి 78 మి.గ్రా. బోరు నీళ్లలో ఫాస్ఫేట్ 0.05 మించలేదు. దుమ్ము, పక్షి రెట్టలు కారణమైతే రెండో తొట్టీ పచ్చబడాలి. మిగిలింది మట్టే.

తేల్చుకోవడానికి సీసా పరీక్ష. ఒక్కో సీసాలో 100 గ్రాముల తడి పూడిక మట్టి, లీటరు వాన నీళ్లు. ఒకదానికి గాలి బుడగలు, ఇంకొకటి నిండుగా నింపి గట్టిగా మూత బిగించి చీకట్లో. వారానికి గాలి ఉన్న సీసాలో ఫాస్ఫేట్ 0.15, మూసిన సీసాలో 1.9! మూత తీస్తే కుళ్లిన గుడ్ల వాసన.

ఇందులో వింతేమీ లేదు. ఆక్సిజన్ ఉన్నంతసేపు మట్టిలోని ఇనుము తుప్పు రూపంలో ఉండి ఫాస్ఫేట్‌ను పట్టి ఉంచుతుంది. ఆక్సిజన్ అయిపోగానే ఆ ఇనుము కరిగే రూపానికి మారి పట్టు వదిలేస్తుంది. వదిలిన ఫాస్ఫేట్‌తో నాచు, చచ్చిన నాచు కుళ్లడానికి మళ్లీ ఆక్సిజన్ ఖర్చు. ఎర్రమట్టిలో ఇనుము దండిగా ఉంటుంది, కుళ్లే సరుకు తక్కువ. అందుకే ఆ రెండు తొట్లూ నిలబడ్డాయి.

ఇక పటిక. భాస్వరానికి పది రెట్లు అల్యూమినియం లెక్కన 780 మి.గ్రా. కావాలి. పటికలో అల్యూమినియం 5.7 శాతం, కాబట్టి 14 గ్రాములు. ఉదయమే వేయాలి. సాయంత్రం పీహెచ్ 9 దాటినప్పుడు వేస్తే అల్యూమినియం గడ్డకట్టకుండా కరిగే ఉంటుంది, పటిక దండగ. గ్రాము పటిక 0.32 గ్రాముల క్షారతను, అంటే ఆమ్లాన్ని తట్టుకునే శక్తిని, తినేస్తుంది. బోరు నీళ్లలో క్షారత లీటరుకు 240 మి.గ్రా. కాబట్టి ఇబ్బంది లేదు. వాన నీళ్ల తొట్టిలో ఇదే మోతాదు వేస్తే పీహెచ్ కుప్పకూలుతుంది, 6 కిందికి దిగితే అల్యూమినియమే చేపలకు విషం.

ఉదయం వేస్తే ఫాస్ఫేట్ 0.1కి దిగింది. రెండు వారాలకు 0.8. అంటే 46 మి.గ్రా. భాస్వరం కొత్తగా వచ్చి చేరింది. తొట్టి అడుగు అర చదరపు మీటరు, లెక్కేస్తే చదరపు మీటరుకు రోజుకు 6.5 మి.గ్రా. పటిక మోతాదు నీళ్లకే సరిపోయింది, మట్టికి మిగల్లేదు. సీసా లెక్క ప్రకారం 32 కిలోల మట్టిలోంచి తేలిగ్గా వదిలే భాస్వరమే 190 మి.గ్రా. దాటుతుంది. పైగా నత్తలు అడుగును కెలికి పటిక పొరను చెదరగొడుతున్నాయి.

భాస్వరం మీదే ఇంత పట్టుదల ఎందుకంటారా? 1973లో కెనడాలోని ఒంటారియోలో డేవిడ్ షిండ్లర్ బృందం 226 నంబరు సరస్సును తెరతో రెండుగా విడదీసింది. ఒక సగానికి కార్బన్, నత్రజని ఇచ్చారు, రెండో సగానికి వాటితోపాటు భాస్వరం. భాస్వరం పడిన సగమే పచ్చబడింది. మన చెరువులకు అది డిటర్జెంట్ల నుంచి, మలమూత్రాల నుంచి రాజకాలువల (ఊరి పెద్ద వాననీటి కాలువల) గుండా దశాబ్దాలుగా చేరింది. 2016 మార్చిలో హలసూరు చెరువులో చేపలు తెల్లగా తేలాయి, 2017 ఫిబ్రవరిలో బెళ్లందూరు చెరువు మీద మంటలు లేచాయి. మురుగును ఆపడం తప్పనిసరి. కానీ ఇన్నేళ్లూ అడుగున చేరింది ఏ శుద్ధి కేంద్రం గుండానూ వెళ్లదు, ఎండాకాలం రాత్రుల్లో నీళ్లలోకి వస్తూనే ఉంటుంది. చెరువు బాగుచేశామని చెప్పేవాళ్లు గట్లూ నడక దారులూ కాదు, అడుగు మట్టి పరీక్ష ఫలితాలు చూపించాలి.

దోమల కోసం గాంబూసియా వేయమని సలహా ఇచ్చేవాళ్లకు ఒకటే మాట: వద్దు. అది అమెరికా చేప, ముందు డాఫ్నియానే తినేస్తుంది. పంచాక్స్ మన చేపే, దోమ పిల్లలను బాగా తింటుంది, ఒక తొట్టికి మూడు నాలుగు చాలు. అవి కూడా డాఫ్నియా నిలదొక్కుకున్నాకే వేయాలి.

తర్వాతి పని: మట్టినీ కలిపి 47 గ్రాముల పటిక, రెండు ఉదయాలకు పంచి. క్షారత లీటరుకు ఇంకో 75 మి.గ్రా. తగ్గుతుంది, తట్టుకుంటుంది. దాని మీద 2 సెం.మీ. ఎర్రమట్టి, అంటే పది లీటర్లు. రాత్రి పది నుంచి ఉదయం ఏడు దాకా టైమరు మీద చిన్న ఎయిర్ పంపు, బుడగలు వదిలే రాయి అడుగుకు ఆనకుండా రెండంగుళాలు పైకి. మట్టి పైన కొన్ని మిల్లీమీటర్లకు ఆక్సిజన్ అందినా ఇనుము పట్టు నిలుస్తుంది.

పటిక భాస్వరాన్ని కట్టిపడేస్తుందే తప్ప బయటికి తీయదు. తీయాలంటే మొక్కలను కోయాలి. గుర్రపుడెక్క నీటి ఉపరితలంలో మూడో వంతు మించకుండా ఉంచి, రెండు వారాలకోసారి అర కిలో తీస్తే ఎండు బరువు 25 గ్రాములు, భాస్వరం సుమారు 75 మి.గ్రా. మట్టి వదిలే 46 కంటే ఇది ఎక్కువే. తీసినదాన్ని కంపోస్టులో వేయాలి, ఒక్క ముక్క కూడా కాలువలోకి పోకూడదు. జక్కూరు చెరువుకు ఎగువన మొక్కలతో నీళ్లను వడపోసే తడినేల పద్ధతిలో పక్కనే 20 లీటర్ల బకెట్‌లో జమ్ము పెట్టి నీళ్లు తిప్పే ఆలోచన కూడా ఉంది, పంపు గంటకు 10 లీటర్లు మించకుండా దొరికితే.

అవన్నీ ఒక దారికి వచ్చాక అదే మట్టితో నాలుగో తొట్టి: పైపైన 2 సెం.మీ. తీసేసి ఫాస్ఫేట్ ఎంత వేగంగా పెరుగుతుందో కొలవాలి. పూడిక ఎంత లోతు తీస్తే చాలన్నది అక్కడే తేలుతుంది.