డ్రిల్ సారు ట్రంకుపెట్టె

మన పూర్వ విద్యార్థుల సంఘం సంచికకు మన స్కూల్ ఫుట్‌బాల్ గురించి రాయమన్నారు. గెలిచిన కప్పులన్నీ హెడ్‌మాస్టర్ గది బయట అద్దాల బీరువాలోనే ఉన్నాయి కాబట్టి వాటి జోలికి వెళ్లను. మా డ్రిల్ సారు ట్రంకుపెట్టె గురించి రాస్తాను. 1980ల్లో మన స్కూల్ టీమ్ నుంచి అంతమంది కాలేజీ టీముల్లోకి, వాళ్లలో కొందరు ఉస్మానియా యూనివర్సిటీ జట్టులోకి వెళ్లారంటే అందులో ఆ పెట్టె పాత్ర చాలా ఉంది.

బాగా ఆడే పిల్లలకు సికింద్రాబాద్‌లో ఆ రోజుల్లో కొదవే లేదు. తిరుమలగిరి, బొల్లారం, లాలాగూడ, ఏ బస్తీకి వెళ్లినా సాయంత్రానికి చెప్పుల జతలు గోల్‌పోస్టులయ్యేవి. మిలిటరీ జట్ల ప్రాక్టీసును గోడెక్కి చూసి నేర్చుకున్న బాపతు మేమంతా. తులసీదాస్ బలరాం మన పక్కనున్న అమ్ముగూడవాడే. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచిన భారత జట్టులో ఆయన ఉన్నారు. ఆ జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం, మన హైదరాబాదీల రహీం సాబ్. 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణాలు ఆయన చేతి మీదుగానే వచ్చాయి. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ కొట్టిందీ ఆయన హయాంలోనే. ఇంత చేసిన మనిషి వృత్తిరీత్యా బడిపంతులు! మా సారుకు ఆయనంటే ప్రాణం. చిన్నప్పుడు రహీం సాబ్ పెట్టించిన టోర్నమెంట్లలో ఆడానని చెప్పుకునేవారు.

ఆ టోర్నమెంట్లు చిత్రమైనవి. ఒకదాంట్లో డ్రిబ్లింగ్ నిషేధం, బంతి అందగానే పాస్ ఇచ్చేయాలి. ఇంకోదాంట్లో చేతకాని కాలితోనే ఆడాలి. మా సారు ఈ రెండింటినీ మన మొరం గ్రౌండ్‌లోకి దించారు. కుడి కాలివాళ్లందరి చేతా కుడి బూటు విప్పించి గోల్‌పోస్టు వెనక వరసగా పెట్టించేవారు. ఎడమ కాలికి కాన్వాస్ బూటు, కుడి కాలు ఉత్తది. మొరం మీద ఉత్తకాలితో బంతిని బలంగా తన్ని చూడండి, రెండోసారి తన్నాలనిపించదు. వారం తిరిగేసరికి ఎడమ కాలు దానంతటదే ముందుకొచ్చేది. ఎవడైనా బంతిని అంటిపెట్టుకుని ఉంటే లైను మీద నుంచి ఒకటే కేక: "ఏంరా, బాల్ నీ అయ్య జాగీరా?"

గ్రౌండ్ సంగతి అంతే. అసలు పని డ్రిల్ సారు గదిలో, అంటే పీఈటీ రూములో ఉండేది. ట్రంకుపెట్టె అంటే బంతులూ నెట్లూ అనుకునేరు. అందులో ఫైళ్లుండేవి. ఎనిమిదో తరగతిలో టీమ్‌లోకి వచ్చిన ప్రతి కుర్రాడికీ ఒక అట్ట ఫైలు. పుట్టిన తేదీ సర్టిఫికెట్, బోనఫైడ్, ఫొటోలు, జోనల్స్ నుంచి స్టేట్ దాకా ఆడిన ప్రతి టోర్నమెంటు కాగితం. స్కూల్ గేమ్స్ నేషనల్స్‌కి వెళ్లిన వాడిదైతే పైన ఎర్ర సిరాతో 'ఫారం-4' అని రాసి ఉండేది, నేషనల్స్ ఆడినట్టు ఇచ్చే సర్టిఫికెట్ పేరది. సర్టిఫికెట్ ఇంటికి తీసుకెళ్తానంటే ఇచ్చేవారు కాదు. "మీ ఇంట్ల ఎలుకలున్నయి, నా పెట్టెల లెవ్వు" అనేవారు. అప్పట్లో నవ్వుకున్నాం. స్పోర్ట్స్ కోటా సీటు ఆ కాగితం మీదే ఆధారపడుతుందని మాలో ఎవరికీ తెలియదు.

పదో తరగతి పరీక్షలు దగ్గరపడితే ప్రాక్టీసు గంట తగ్గేది. ఆ గంటలో లెక్కల సారు మమ్మల్ని కూర్చోబెట్టుకునేవారు. మా సారు బతిమాలి ఒప్పించిన ఏర్పాటది. "కార్నర్ కిక్ రాకపోయినా కాలేజీలో నేర్పుతరు, లెక్కలు తప్పినోణ్ణి కాలేజీకే రానియ్యరు" అనేది ఆయన లెక్క.

జూన్ వస్తే ఆయన మరీ బిజీ. నా ఉద్దేశంలో ఊళ్లో ఫుట్‌బాల్ ఆటగాళ్లు ఎక్కువమంది మాయమయ్యేది మ్యాచుల్లో కాదు, పదో తరగతి రిజల్ట్స్‌కీ ఇంటర్ అడ్మిషన్లకీ మధ్య ఉన్న ఆ కొద్ది వారాల్లో. స్కూల్ వదిలేస్తుంది, కాలేజీ ఇంకా పట్టుకోదు. ఇంట్లోవాళ్లు మెకానిక్ షెడ్డులోనో, గ్రౌండే లేని కాలేజీలోనో పడేస్తారు. అందుకే సారు ఆ రోజుల్లో ఇళ్లు తిరిగేవారు. మా ఇంటికీ వచ్చారు. మా నాన్న "ఆటలాడి ఏం తింటడు సార్?" అన్నారు. సారు చాయ్ గ్లాసు కింద పెట్టి, "రైల్వేల తింటడు, పోలీసుల తింటడు, బ్యాంకుల తింటడు. ముందుగాల ఇంటర్ల చేర్పియ్యి" అన్నారు. రైల్వే, పోలీస్, బ్యాంకు జట్లకు ఆటగాళ్లను ఉద్యోగాల్లోకి తీసుకునే రోజులవి, కాబట్టి ఉత్తమాట కాదు. మర్నాడు నా ఫైలు చంకన పెట్టుకుని, స్కూటర్ మీద నన్ను ఎక్కించుకుని కాలేజీకి తీసుకెళ్లారు.

కాలేజీ టీమ్ సెలక్షన్స్‌లో పీడీ సారు (ఫిజికల్ డైరెక్టర్) మొదట అడిగేది "ఏ పొజిషన్?" అని. "ఎక్కడైనా ఆడతా సార్" అన్నవాడు సగం పోయినట్టే. మాకు ముందే జవాబు బట్టీ పట్టించారు: "లెఫ్ట్ బ్యాక్ సార్, అవసరమైతే స్టాపర్." అంటే డిఫెన్స్‌లో ఎడమ పక్క, లేదంటే మధ్యలో. కుడి కాలివాణ్ణి లెఫ్ట్ బ్యాక్ అని ధైర్యంగా చెప్పగలిగానంటే విప్పిన ఆ బూటు చలవే. డిగ్రీ కాలేజీల ఆట వేరే లోకం. స్కూల్లో నేను గట్టివాణ్ణనుకునేవాణ్ణి, అక్కడ మొదటి భుజం తగలగానే టచ్‌లైన్ అవతల పడ్డాను. నిలదొక్కుకోవడానికి ఏడాది పట్టింది. ఇంటర్ కాలేజ్ టోర్నమెంటులో కళ్లబడితే యూనివర్సిటీ క్యాంపు, ఆ తర్వాత సౌత్ జోన్ యూనివర్సిటీల పోటీలు. బోగీలో బాత్రూమ్ పక్కన కిట్‌బ్యాగుల మీద పడుకుని చేసిన ఆ ప్రయాణాలు రాస్తే సంచిక సరిపోదు.

మా అందరికంటే మేలైన ఫార్వర్డ్ ఒకడుండేవాడు. వాడి పేరు రాస్తే తంతాడు. సారు వాళ్లింటికి వెళ్లేలోపే వాణ్ణి మేడ మీద నడిచే ఒక కాలేజీలో చేర్పించేశారు. కొన్నాళ్లు ఆదివారాలు జింఖానా గ్రౌండ్‌కు వచ్చాడు, తర్వాత మానేశాడు. ఫైలు మాత్రం పెట్టెలోనే ఉండిపోయింది.

ఈ విషయంలో రహీం సాబ్ గురించి సారు మళ్లీ మళ్లీ చెప్పిన ముచ్చట ఒకటుంది. బలరాం సికింద్రాబాద్ నుంచి హైదరాబాద్‌కు ప్రాక్టీసుకు రావడానికి డబ్బుల్లేవంటే, అద్దె సైకిల్‌కు ఆయనే డబ్బులిచ్చారట. ఆట నేర్పడం కంటే కుర్రాణ్ణి గ్రౌండ్ దాకా చేర్చడమే కష్టమని సారుకు అక్కడే అర్థమై ఉంటుంది.

ఇప్పుడు గంటకింత చొప్పున అద్దెకిచ్చే టర్ఫులు వచ్చాయి, అకాడమీలు వచ్చాయి. 2022లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్ కొడితే మన వాట్సాప్ గ్రూపు దద్దరిల్లింది. నిజామాబాద్ జిల్లా తండా నుంచి సౌమ్య గుగులోత్ దేశం తరఫున ఆడుతోంది. సంతోషమే. కానీ ఫీజు కట్టలేని, పదో తరగతి పాసైన కుర్రాడికి జూన్‌లో దారి చూపించేవాళ్లు అప్పటికంటే తగ్గారు.

మన సంఘం సమావేశంలో గ్రౌండ్‌కు ఫ్లడ్‌లైట్లు వేయిద్దామన్నారు. నేను ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. ఆ డబ్బుతో పిల్లల బస్‌పాసులు, గుడ్లు, పరీక్షల ముందు లెక్కల ట్యూషన్ చూద్దాం. ఈసారి పదో తరగతి రాసే టీమ్ పిల్లల జాబితా ఇప్పటి పీఈటీ మేడమ్‌ని అడిగి తీసుకున్నాను. ఆరుగురున్నారు, అందులో ఇద్దరు గోల్‌కీపర్లే. ఇద్దర్నీ ఒకే కాలేజీకి పంపితే ఒకడు బెంచీ మీదే కూర్చుంటాడు. గ్రౌండ్ ఉండి, గోల్‌కీపర్ అవసరమున్న కాలేజీ ఎవరికైనా తెలిస్తే రిజల్ట్స్ వచ్చేలోపు నాకు చెప్పండి.